ఆరు గంటల గడువు

కడుపు క్యాన్సర్ ఆపరేషన్‌తో నేను పోగొట్టుకున్నవి లెక్కేశాను: కడుపులో మూడింట రెండు వంతులు, పదకొండు కిలోల బరువు, ఇరవై ఆరు రోజుల బ్యాంకు డ్యూటీ.

ఆపరేషన్ మర్నాడు ఉదయం ఎనిమిదికే విశాఖ ఆసుపత్రిలో నర్సమ్మ మూత్రం గొట్టం తీసేసింది.

“అప్పుడేనా?” అన్నాను.

“ఎక్కువ రోజులుంచితే ఇన్ఫెక్షన్ బాబాయ్. ఆరు గంటల్లోగా మీ అంతట మీకు రాకపోతే మళ్లీ వేస్తాం. ఈ కొలత డబ్బాలోనే పోయండి, రాసుకోవాలి.”

పన్నెండు దాటినా చుక్క లేదు. పొత్తికడుపు రాయిలా బిగిసింది. నిమిషాలు లెక్కపెడుతున్న నన్ను, గాజువాక నుంచి వచ్చిన మా బావమరిది కసిరాడు.

“గడియారం సూత్తే వత్తాదేటి బావా? లెగు, నడు!”

అతని భుజం పట్టుకుని వరండాలో ఏడుసార్లు తిరిగాను. ఒంటిగంటా నలభైకి నర్సమ్మ కొత్త గొట్టంతో ఎదురొచ్చింది. భయంతో బాత్‌రూములోకి దూరాను. నీళ్ల చప్పుడుకైనా వస్తుందని బావమరిది కుళాయి తిప్పాడు. మొదట మంట, తర్వాత ధార. ఏడుపొచ్చేసింది.

“ఎంతొచ్చింది?” అంది నర్సమ్మ బయటినుంచి.

డబ్బా మంచం కిందే ఉండిపోయింది!

“ఊరందరి లెక్కలూ సూత్తావు, నీది మర్సిపోనావేటి బావా!” అన్నాడతను. నవ్వితే కుట్లు లాగాయి.

ఆమె నా పొత్తికడుపు నొక్కి చూసి, ఖాళీ అయిందని గొట్టం వెనక్కి తీసుకెళ్లింది. రోజూ తనంతట తాను జరిగిపోయే పని ఎంత గొప్పదో ఆరోజు తెలిసింది. ఎన్ని మిల్లీలీటర్లో, ఆ అంకె మాత్రం నర్సమ్మకి ఇప్పటికీ బాకీ.