నోరారా పిలిచే పేరు

పెళ్ళిచూపుల్లో మా ఆయనా నేనూ ఒకరికొకరం ఒప్పుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మా పాప పేరు తేలడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. అప్పుడు మొహమాటానికి దాచుకున్న వాదనలన్నీ ఇద్దరమూ ఇప్పుడు బయటికి తీశాం.

ఆ పేర్లేవీ ఇక్కడ రాయను. నేను వద్దన్న పేర్లున్నవాళ్ళు మా చుట్టాల్లోనే పదిమంది దాకా ఉన్నారు. రేపు ఏ పెళ్ళిలోనో పక్క పక్క ఆకుల ముందు కూర్చుని భోంచేయాల్సినవాళ్ళం.

కాన్పుకు నేను తిరుపతిలో మా అమ్మ దగ్గరికి వచ్చాను. మా ఆయనది బంగారుపాళ్యం, మామిడితోట ఉంది. తోతాపురి కాయ గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే రోజులు కాబట్టి ఆయన ఆదివారం మాత్రం బస్సెక్కి వచ్చేవాడు. మిగతా రోజుల్లో మా పోట్లాటంతా ఫోన్లోనే. నేను ఏ పేరు పంపినా ఆయన దగ్గర ఒక వంక సిద్ధంగా ఉండేది. ఒకటి ఆయన్ను బెంచీ ఎక్కించిన లెక్కల టీచరు పేరట. ఇంకోటి పక్కతోటవాళ్ళ ఆవు పేరట. నేనూ తక్కువ తినలేదు. ఆయన పంపినవన్నీ అమ్మవారి పేర్లే. "మా తిరుపతి బస్టాండులో నిలబడి ఆ పేరు పెట్టి పిలిస్తే ఇరవైమంది తిరిగి చూస్తారు, పాపను యాడ వెతుక్కునేది?" అని కొట్టేశాను.

రెండో ఆదివారం ఆయన అసలు మాట బయటపెట్టాడు. "ఇంగ ఇవన్నీ ఎందుకు మే? మా అమ్మ పేరు పెడదాం. మా ఇండ్లల్లో మొదటి ఆడబిడ్డకు అవ్వ పేరే కదా పెట్టేది. నక్షత్రం చూసి అయ్యవారు చెప్పిన అక్షరం కూడా కుదిరింది."

నేను ససేమిరా అన్నాను. మా అత్త అంటే నాకు ఇష్టమే, ఆమె పేరూ బాగుంటుంది. నా బాధ వేరు. నాకు పెట్టింది కూడా మా అవ్వ పేరే, అంటే నాయన వాళ్ళమ్మది. మా వైపు కోడలు అత్త పేరు నోటితో పలకదు. అందుకని మా అమ్మ నన్ను పుట్టిన రోజు నుంచి "పాపా" అనే పిలిచింది. నాయన కన్నతల్లి పేరు పెట్టి ఎలా పిలుస్తాడు? ఆయనా "పాపా" అనే అన్నాడు. పాలవాడికీ, ఎదురింటివాళ్ళకీ నేను పాపనే. బడిలో చేర్పించిన మొదటి రోజు టీచరు హాజరు పిలుస్తుంటే నేను పలకలేదు. ఇంట్లో ఉన్న మా అవ్వతో ఈమెకేం పని అని నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను.

అవ్వ పోయి పదేళ్ళయినా మా అమ్మకు నా పేరు నోటికి రాలేదు. నాకు ముప్పై దాటాయి, ఒక బిడ్డ పుట్టింది, ఇంకా పాపనే. ఇది విని నవ్వేవాళ్ళు నవ్వండి. కానీ కన్నతల్లి ఒక్కసారైనా పేరు పెట్టి పిలవలేదంటే ఎక్కడో కొంచెం కలుక్కుమంటుంది. నా కూతురిని నేను పేరు పెట్టి పిలవాలి, ముద్దు చేసినా తిట్టినా ఆ పేరుతోనే చేయాలి. నేను అడిగింది అంతే.

"వాళ్ళ కాలం వేరు, నువ్వు పిలుచుకో, ఎవరొద్దన్నారు?" అన్నాడు ఆయన.

"అత్త ఎదురుగా ఆమె పేరు పెట్టి, ఒసేయ్ ఇట్లా రా అనమంటావా?"

ఆయన చెప్పులేసుకుని బస్సుకు బయల్దేరాడు. నా దగ్గర వేరే పేరు లేదు. ఇరవై ఒకటో రోజుకు వేడుక పెట్టుకుని, బంధువులకు చెప్పి కూర్చున్నాం. ఇందులో తమాషా ఏమిటంటే, ఎవరి పేరు గురించి ఇంత రాద్ధాంతం చేశామో ఆమెను మేమిద్దరం ఒక్క మాటా అడగలేదు.

పద్దెనిమిదో రోజు మా అత్త బేనీషా మామిడికాయల సంచి మోసుకుంటూ దిగింది, వెనకే ఆయన. కాళ్ళు కడుక్కుని మనవరాలిని ఒళ్ళో వేసుకుని, "పేరేమనుకున్నారు?" అంది. ఆయన చెప్పేశాడు. నాకిష్టం లేదని కూడా చెప్పేశాడు, మహానుభావుడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఆమెకు కోపం రాలేదు. కాసేపు పాప వేళ్ళు విప్పుతూ, మూస్తూ కూర్చుంది.

"మీ మామ నన్ను ఏమే అంటాడు. వీడికి అమ్మను. ఊళ్ళో తోటింటక్కను. పేరు పెట్టి పిలిసింది మా నాయన ఒక్కడే. ఆయన పొయినాంక నా పేరు రేషన్ కార్డులో ఉండాది, అంతే. నా పేరు పెట్టి, దీన్ని కూడా పాపా అంటారా? అట్లయితే వొద్దు."

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు నోరారా పిలస్తానంటే పెట్టు. తిట్టాల్సొస్తే ఆ పేరు పెట్టే తిట్టాల. ఏదీ, ఒకసారి అను, సూద్దాం."

ఇన్ని రోజులు వాదించిన నేను నోరు తెరిచాను. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. మూడుసార్లు ప్రయత్నించాను. మా ఆయన పడీ పడీ నవ్వాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా అమ్మ మాత్రం నవ్వలేదు.

అయినా ఆ పేరే పెట్టాం. అత్త షరతూ నా కోరికా ఒకటే అయ్యాక ఇక కాదనడానికి ఏముంది? ఆయన పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పాప పేరు రాశాడు. పాప చెవిలో మూడుసార్లు చెప్పడం నా వంతు. గుసగుసగా కాబట్టి ఎలాగో గట్టెక్కాను. బంగారుపాళ్యం వచ్చాక మాత్రం అత్త ఇంట్లో ఉంటే "బుజ్జీ", తోటకు పోతే అసలు పేరు. ఆమె నన్నో చూపు చూసేది.

పాపకు పాకడం వచ్చింది. ఒకరోజు పొద్దున వాకిట్లో మిరపకాయలు ఆరబోశాను. నేను బట్టలు ఆరేసి తిరిగేసరికి పాప రెండు చేతులా మిరపకాయలు పట్టుకుని నోటి దాకా తీసుకుపోయింది. అంతే, వీధి చివరికి వినపడేలా పేరు పెట్టి అరిచాను.

పాప అదిరిపడి కాయలు వదిలేసింది. పెరట్లోంచి "ఆఁ, వస్తా ఉండా!" అని జవాబు వచ్చింది.

మా అత్త గబగబా వచ్చింది, చేతినిండా అంట్లు తోమిన బూడిద. నన్ను చూసింది, పాపను చూసింది, సంగతి అర్థమైంది.

"నన్ను కాదా? మా నాయన పిలిసినట్టే ఉండె," అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బూడిద చేతులు కాబట్టి తుడుచుకోలేక అట్లాగే నిలబడింది.

పాపను ఎత్తుకుని, అత్త ముఖంలోకి చూస్తూ, మళ్ళీ ఒకసారి ఆ పేరు పిలిచాను.

"ఆఁ," అంది మా అత్త.