గంగాళం అంచు మీది పేరు

అది 1948. హిందూపురంలో నాకో చిన్న వర్క్‌షాపు ఉండేది. పంపుల రిపేరు, గొట్టాల పని, పాత్రలకు అతుకులు. పెనుకొండలో మా ఇంటి ముందు ఒకప్పుడు జనం బండి దిగి నడిచి వెళ్లేవారు. ఆ సంగతి షాపులో ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. చొక్కా గుండీలన్నీ పెట్టుకునే పనిచేసేవాణ్ణి, అంతే.

సోమందేపల్లి దగ్గరి రైతు నంజుండప్ప ఒక పాత ట్రాక్టరు కొన్నాడు. ఆయన వేరుశనగకు ఆకుమచ్చ తగిలింది. మైలుతుత్తం, సున్నం కలిపిన మందు చేనంతా త్వరగా చల్లకపోతే ఆకు రాలి, కాయ ఊరదు. అందుకని ట్రాక్టరుకు బూమ్ స్ప్రేయర్ చేసిపెట్టమన్నాడు. బూమ్ అంటే ట్రాక్టరు వెనక రెక్కల్లా అడ్డంగా చాచిన గొట్టం. దానికి వరసగా బిగించే సన్న రంధ్రాల మూతలు నాజిళ్లు.

మైలుతుత్తం ఇనుమును తినేస్తుంది. ట్యాంకు రాగిది కావాలి. కొత్త రేకు ఎక్కడా దొరకలేదు.

"మేస్త్రీ, మా ఇంట్లో పెద్ద గంగాళం ఉండాది. పంపిస్తా" అన్నాడు నంజుండప్ప.

బండి మీంచి దించగానే గుర్తుపట్టాను. అంచు మీద మా తాతగారి పేరు, పక్కన పెనుకొండ అని చెక్కి ఉంది. మా ఇల్లు వేలానికి వచ్చినప్పుడు సామానుతో పాటు పోయిన గంగాళం. నంజుండప్పకు తెలుసో లేదో నేను అడగలేదు.

మందు తొణకకుండా గంగాళపు మూతకూ అంచుకూ మధ్య తోలుపట్టీ వేసి, చుట్టూ బెత్తెడుకొక రివెట్ కొట్టాలి. రివెట్ అంటే రెండు రేకుల్ని కలిపి అణిచే రాగి మేకు. పేరు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. ఆ జానెడు మేర వదిలేసి, లక్క పూసి సరిపెట్టాను. నీళ్లు పోసి చూస్తే చుక్క కారలేదు.

కాని షాపులో గంగాళం కదల్లేదు. చేలో కదిలింది. మొదటి సాలులో మందు మంచులా పడింది. రెండో సాలులో ట్రాక్టరు గతుకులో పడగానే లక్క పగిలి, నీలం మందు సరిగ్గా పేరు దగ్గరే ఎగదన్ని, పంపును తిప్పే బెల్టు మీద కారింది. బెల్టు జారింది. నాజిళ్లు బొట్లు రాల్చాయి.

డ్రైవర్ ఖాజా దిగి చూశాడు. "ఏమప్పా మేస్త్రీ, చుట్టూ మేకులు కొట్టి ఈడొక్క చోట మర్చిపోయినావే? ఓహో, ఈడ ఎవురిదో పేరుండాది." కూడబలుక్కుంటూ బిగ్గరగా చదివాడు. "ఎవురప్పా ఈ దొర?"

కలుపు తీయడానికి వచ్చిన ఒక ముసలామె అందుకుంది. "వాళ్లింటి పెండ్లిలో ఈ గంగాళం నిండా పానకం కలిపినారబ్బీ. కడుపునిండా తాగినా. ఇప్పుడా ఇంట్లో ఎవురన్నా ఉండారో లేరో."

నేను సుత్తి పట్టుకుని నిలబడ్డాను.

నంజుండప్ప నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "నా చేను పోతాది. కొట్టండయ్యా."

అంతవరకూ మేస్త్రీ అన్న మనిషి అయ్యా అనేసరికి అందరూ నావైపు తిరిగారు. ఆయనకు మొదటినుంచీ తెలుసని నాకప్పుడు అర్థమైంది. ముసలామె ఒక్క క్షణం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

బర్మాతో మా తాతగారి పేరుకు తూట్లు పొడిచి, రివెట్లు కొట్టాను. రాగి పొట్టు చొక్కా మీద పడింది. దులుపుకోలేదు. పొద్దు వాలేసరికి చేనంతా మందు పడింది. ట్యాంకు మళ్లీ కారలేదు.

ఆ తర్వాత నేను ఎన్నో ట్యాంకులు చేశాను. కదలని నీళ్లతో చూసి పని అయిందనుకోలేదు. ఏ పాత్ర వచ్చినా ముందు అంచు చుట్టూ దీపపు మసి పూసి, ఎవరి పేరూ కనబడకుండా చేసుకున్నాకే రివెట్లకు గుర్తులు పెట్టేవాణ్ణి.