పదమూడో పేరు

నా చిన్నప్పుడు మా ఊళ్లో బడి అయిదో తరగతితో అయిపోయేది. ఆ తర్వాత ఆడపిల్లలకు మిగిలే దారి విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలే. పొద్దున పూలకు పుప్పొడి అద్దాలి, సాయంత్రం మొగ్గలు గిల్లాలి. చిన్న వేళ్లయితే మొగ్గ చితకదని రైతులు ఏరికోరి మమ్మల్నే అడిగేవారు. గద్వాల చుట్టుపక్కల నా ఈడు వాళ్లను ఎవరిని కదిపినా ఈ సంగతి చెబుతారు.

మా తాతయ్య ఊరి ఉపదేశి. ఫాదర్ నెలకోసారి వచ్చి పూజ చేసి వెళ్లేవారు. తక్కిన రోజుల్లో జపం చెప్పించేదీ, పిల్లలను కూర్చోబెట్టి సత్యోపదేశం నేర్పేదీ తాతయ్యే. యేసు ప్రభువు పరలోకానికి వెళ్లిపోయాక శిష్యులు ఎంత బెదిరిపోయారో, ఆ తొలి సంఘం ఎలా నిలదొక్కుకుందో ఆయన చెబుతుంటే మాకు ఆకలి కూడా గుర్తుండేది కాదు.

ఆ ఏడు ఎండాకాలంలో ఫాదర్ వచ్చి, వనపర్తిలో సిస్టరమ్మల హాస్టల్లో మా ఊరికి ఒక్క సీటు దొరికిందన్నారు. అయిదు పాసైన ఆడపిల్లలం ఇద్దరం, నేనూ ఎదురింటి పిల్లా. వాళ్ల నాన్న మేస్త్రీ వెంట బొంబాయి పనికి పోయి తిరిగి రాలేదు. చదువులో ఇద్దరం సమానమే అనేవారు గానీ, నిజం చెప్పాలంటే నాకే కాస్త ఎక్కువ వచ్చు. ఎవరిని పంపాలో ఉపదేశే తేల్చాలని చెప్పి ఫాదర్ వెళ్లిపోయారు. నా సంతోషం ఇంతా అంతా కాదు. తేల్చేది మా తాతయ్యే అయినప్పుడు ఇక నాకు దిగులెందుకు?

కానీ తాతయ్య ఆ వారమంతా సరిగా అన్నం తినలేదు. ఎదురింటామె మా గడప తొక్కడం మానేసింది. మా అమ్మ మాత్రం, "మనింటి పిల్లకు మనమే అడ్డం పడుతమా" అని ఆయనకు వినబడేలా గొణిగేది. ఆయన తువ్వాలు భుజాన వేసుకొని బయటికి నడిచేవాడు.

ఆదివారం జపమయ్యాక ఆయన లేచి నిలబడి, చీటీలు వేస్తానన్నాడు. ప్రభువును పట్టిచ్చిన యూదా పోయాక, పన్నెండుమంది శిష్యుల్లో ఆ ఖాళీకి ఇద్దరిలో ఒకరిని ఎంచడానికి పేతురు, తక్కినవాళ్లు చేసింది ఇదేనని గుర్తు చేశాడు. రెండు పేర్లు రాసి, అందరికీ చూపించి, మడిచి చెంబులో వేశాడు. తీయడానికి చూపు ఆనని ముసలవ్వను పిలిచాడు. అవ్వ మొదట పట్టిన చీటీ వేళ్లలోంచి జారి మళ్లీ చెంబులో పడింది. అది నాదేనని నాకు ఇప్పటికీ అనుమానం. రెండోసారి తీసి ఇచ్చింది. తాతయ్య విప్పి చూశాడు. ఆయన మొహం చూడగానే నాకు తెలిసిపోయింది. ఎదురింటి పిల్ల పేరు చదివాడు. ఎదురింటామె కొంగు నోట్లో కుక్కుకొని ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. నేను లేచి బయటికి వచ్చేశాను.

సాయంత్రం సత్యోపదేశానికి వెళ్లలేదు. అందరినీ పంపించి ఆయనే నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"నీ చేతిలనే ఉండె గద తాతా," అన్నాను.

"ఉండె బిడ్డా, అందుకే భయమైంది. నీ పేరు చెప్పుడు నాకు జర గూడ కష్టం గాదు. గంత సులువుగ నోటికొచ్చే మాటను నేనే నమ్మలేకపోయిన."

నాకు ఒళ్లు మండిపోయింది. చీటీ రాని ఆ రెండో ఆయన ఏమయ్యాడో చెప్పమన్నాను. ఆయన లోపలికి వెళ్లి బైబిలు తెచ్చి, ఆ భాగం నాచేత చదివించాడు. చీటీ వచ్చిన ఆయనకు ఒక్కటే పేరు, మత్తీయ. రాని ఆయనకు మూడు పేర్లు రాసి ఉన్నాయి: యోసేపు, బర్సబ్బా, యూస్తు.

"ఏమైండో తెల్వదు బిడ్డా. గెలిచినాయన ముచ్చట గూడ ఆడికెల్లి ఒక్క ముక్క లేదు. మొదటి నుంచి ప్రభువు ఎంబడి నడిచినోళ్లు ఇద్దరు. చిట్టీ రానోన్ని ఎవ్వరు మర్వొద్దనే మూడు పేర్లు రాసిండ్రేమో," అంటూ తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఆయన కంట నీళ్లు చూడటం నాకు అదే మొదలు, అదే చివర.

ఆ మాటలతో నా కడుపుమంట చల్లారిందంటే అబద్ధం. ఎన్ని పేర్లుంటే ఏం లాభం, హాస్టల్లో సీటిస్తాయా? ఎదురింటి పిల్ల పెట్టె పట్టుకొని బస్సెక్కింది, నేను చేలోకి వెళ్లాను. కానీ ఆ రోజు నుంచి, నేను పని నుంచి రాగానే తాతయ్య ఆరో తరగతి పుస్తకాలతో అరుగు మీద కూర్చొని ఉండేవాడు. తనకు రాని లెక్కలు గద్వాలకు పోయి ఎవరో టీచరు దగ్గర నేర్చుకొని వచ్చి నాకు చెప్పేవాడు. నాచేత పదో తరగతి ప్రైవేటుగా రాయించేదాకా వదల్లేదు.

ఇప్పుడు మా విచారణలో, అంటే మా ఫాదర్ చూసుకునే ఊళ్లలో, పిల్లలకు బైబిలు తొలి పాఠాలు చెప్పేది నేనే. మత్తీయతో కలిపి పన్నెండుమంది శిష్యుల పేర్లూ గడగడా అప్పజెబుతారు. పదమూడో పేరు, చీటీ రాని ఆ యోసేపుది కూడా చెప్పేదాకా వాళ్లను లేవనివ్వను. ఎక్కడైనా చీటీలు తీసి పేరు చదివితే, అందరూ చప్పట్లు కొడుతూ ఆ పేరు గల పిల్ల వైపు తిరుగుతారు. నేను రెండో పిల్ల ఎక్కడుందో చూసుకొని, పోయి దాని పక్కన కూర్చుంటాను.