బిళ్ళ కరిగేదాకా

మా ఇంట్లో పొద్దున్నే ఒక మనిషి కాసేపు నోరు మూసుకుని కూర్చోవడమంత కష్టమైన పని ఇంకోటి లేదు. ఆ మనిషి మా ఆయన. నాలుక కింద పెట్టుకున్న బిళ్ళ కరిగేదాకా ఆయన మాట్లాడకూడదు.

రెడ్డిగూడెం దగ్గర మేం లీజుకి తీసుకున్న మామిడితోటలో ట్రాక్టరు మీంచి పడి ఆయనకి నడుం పట్టేసింది. నొప్పి బిళ్ళలు రాసిచ్చారు. నొప్పి పోయింది గానీ బిళ్ళలు పోలేదు. డాక్టరు చీటీ లేకపోయినా ఇచ్చే షాపులుండగా అడ్డేముంది? పూటకొకటి కాస్తా గుప్పెడయింది. మానేద్దామని చూసిన ప్రతిసారీ చెమటలు, వాంతులు, ఒళ్ళంతా పీకుడు, చిన్నపిల్లాడిలా ఏడుపు. చివరికి నేనే రెక్క పట్టుకుని విజయవాడ తీసుకెళ్ళాను.

అక్కడి డాక్టరుగారు వేరే మందు మొదలుపెట్టారు. పాత బిళ్ళల మీదికి ప్రాణం లాగకుండా ఇది కాస్తుందట. నమలకూడదు, మింగకూడదు, మింగితే పనిచెయ్యదట. పూర్తిగా కరిగేదాకా మంచినీళ్ళు కూడా తాగకూడదు. దీంతోపాటు తాగుడు గానీ నిద్రమాత్రలు గానీ ఉంటే ప్రాణానికే ముప్పన్నారు. "మీ అంతట మీరు పెంచొద్దు, మీ అంతట మీరు ఆపొద్దు" అని మరీ మరీ చెప్పారు. బిళ్ళలు బీరువాలో పెట్టి తాళం నా దగ్గరే ఉంచుకున్నాను.

చెప్పడానికేం, డాక్టరుగారికి తేలికే. ఆయన మా ఇంట్లో ఉండరుగా!

మా ఆయన వరండాలో కూర్చుని బిళ్ళ పెట్టుకోగానే మా అత్తగారు కాఫీ గ్లాసుతో తయారు. "చల్లారిపోద్దిరా, రెండు గుక్కలు తాగు."

"బిళ్ళ పెట్టుకున్నారు అత్తయ్యా!"

"పెట్టుకుంటే ఏంటి, కాఫీయేగా."

ఇక పాలవాడు, ఎదురింటావిడ, గేటు ముందు నుంచి పోయే ప్రతివాళ్ళూ ఏదో ఒకటి అడగాల్సిందే. జవాబు రాకపోతే అలక. "ఏంటమ్మా, మీ ఆయన పలకట్లేదు, మా మీద కోపమా?" అని నన్ను నిలదీస్తారు. ఖర్మరా బాబూ!

అందరినీ మించినవారు మా పెద్దమావగారు, అంటే మా మావగారి అన్నగారు. ఇల్లు రెండు వీధుల అవతలే. వాకింగు అయ్యాక మా వరండాలో కూర్చోకపోతే ఆయనకి తెల్లవారదు. ఓ రోజు వస్తూనే, "ఏరా, పెనుగొలను పొలంలో బోరు సంగతి ఏం చేశావ్?" అన్నారు. మా ఆయన ఆగమన్నట్టు చెయ్యి చూపించారు.

"పెద్దవాణ్ణి అడుగుతుంటే చెయ్యూపుతావేంట్రా?"

అంతే. మా ఆయన గుటుక్కున బిళ్ళ మింగేసి, "రేపు మనిషి వస్తానన్నాడు పెదనాన్నా" అన్నారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దాయనకి కాసేపాగి బదులు చెబితే కొంప మునిగిపోతుందా?

సాయంత్రానికి ఆవలింతలు, ముక్కు కారడం, కాళ్ళు ఒకచోట నిలవకపోవడం. ఫోన్ చేస్తే డాక్టరుగారు ఇంకో బిళ్ళ ఇవ్వొద్దనీ, పొద్దున్నే తీసుకురమ్మనీ చెప్పారు. నేను ఫోన్ పెట్టేసరికి మా ఆయన చెప్పులేసుకుంటున్నారు.

"ఎక్కడికి?"

"ఊరికే, సెంటర్ దాకా."

సెంటర్లో ఏముందో నాకు తెలీదా? మందుల షాపుంది. ఇన్నాళ్ళు మానేసి మళ్ళీ పాత మోతాదు మింగితే ఊపిరాగిపోవచ్చని డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు. వెళ్ళి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. "దాటి వెళ్ళండి, చూద్దాం" అన్నాను. ఆయన దాటలేదు. చెప్పులతోనే నా పక్కన కూలబడ్డారు. నాకు కోపం కన్నా భయమే ఎక్కువ వేసింది.

మర్నాడు డాక్టరుగారికి చూపించి బస్సులో తిరిగొస్తుంటే ఒక ఉపాయం తట్టింది. ఆ తర్వాత అడిగినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పాను. "పొద్దునపూట మౌనవ్రతమండి."

అబ్బబ్బ, ఏం మర్యాద! పాలవాడు గొంతు తగ్గించాడు. ఎదురింటావిడ గేటు దగ్గరే దణ్ణం పెట్టింది. నిజం తెలిసిన మా అత్తగారు కూడా వీధిలో కొడుకు వ్రతం గురించి గొప్పలు మొదలుపెట్టారు. డాక్టరు చెబితే లక్ష్యపెట్టనివాళ్ళు వ్రతమనేసరికి గప్‌చుప్. సంతోషించాలో తల బాదుకోవాలో తెలియలేదు.

వారం తిరక్కుండానే అది నా మెడకే చుట్టుకుంది. పెద్దమావగారు వచ్చి కూర్చుని, "వ్రతంలో ఉన్నోడికి ఆ బిళ్ళలేంటమ్మా? మీ అత్త చెప్పింది. ఒక మత్తు మాని ఇంకో మత్తా? ఇవాళే మానిపించు, దేవుడే చూసుకుంటాడు" అన్నారు. మళ్ళీ మా ఆయన వైపు తిరిగి, "ఏరా, మానేస్తావా లేదా?" అని గద్దించారు. పక్కనే అత్తగారు తలూపుతున్నారు.

బిళ్ళ ఇంకా కరగలేదు. ఎక్కడ మింగేస్తారోనని నేను మా ఆయన గొంతు వైపే చూస్తూ నిలబడ్డాను. మింగలేదు. పెద్దాయన ముఖంలోకి చూస్తూ అలాగే కూర్చున్నారు. పూర్తిగా కరిగాక, గ్లాసెడు నీళ్ళు తాగి అప్పుడు మాట్లాడారు.

"వ్రతం లేదు, పాడూ లేదు పెదనాన్నా. నేను నొప్పి బిళ్ళలకి బానిసనయ్యాను. ఇది దానికి మందు. దీనివల్లే మనిషిలా తిరుగుతున్నా. ఇప్పుడు మానేస్తే మళ్ళీ వాటి దగ్గరికే పోతాను, ఈసారి బతికి రానేమో. మొన్న మీకు బదులు చెప్పడానికే మింగేశాను. ఇంక మింగను."

పెద్దమావగారు కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. ఇదంతా నేనే నేర్పించినట్టు అత్తగారు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే గేటు చప్పుడైంది. మళ్ళీ ఆయనే! ఇవాళ ఊరుకునేది లేదని కొంగు దోపుకుని వరండాలోకి వచ్చాను. మా ఆయన అప్పుడే బిళ్ళ పెట్టుకున్నారు. పెద్దమావగారు ఎదుటి కుర్చీలో కూర్చున్నారు. కాఫీ గ్లాసుతో వస్తున్న అత్తగారిని చూసి వేలు పెదాల మీద పెట్టుకున్నారు. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయారు. వీధిలోంచి ఎవరో పలకరించబోతే చెయ్యూపి పంపేశారు. బోరు ఊసెత్తలేదు, పొలం ఊసెత్తలేదు.

చాలాసేపటికి ముందుకు వంగి, మెల్లిగా అడిగారు.

"కరిగిందా?"