ఆరని బట్టీ

చిన్న మేస్త్రీకి అబద్ధమాడటం చేతకాదు. చేతకానివాడు ఆడితే ఏమవుతుందో వినండి. రొట్టెల బట్టీలు కట్టడం అతని పని. ఆ పని నేర్పినవాడు పెద్ద మేస్త్రీ, తర్వాత పిల్లనిచ్చి మామగారు కూడా అయ్యాడు. ఆ ఇంట్లో ఎవరిని కదిపినా బట్టీ మర్మం చెప్పేస్తారు. అదే కొంప ముంచింది.

పరాయి దేశంలో ఒక పెద్ద బేకరీవాళ్లు తమకు ఇటుకల బట్టీయే కావాలని పట్టుబట్టి అతన్ని పిలిపించుకున్నారు. చలికాలం మొదట్లో వెళ్లినవాడు, చెట్లు మళ్లీ చిగురించేదాకా అక్కడే ఉండిపోయాడు. పునాది, నేల, గోడలు, పైన గుమ్మటం, అన్నీ తన చేతులతోనే లేపాడు. కట్టడం అయినంత మాత్రాన బట్టీ అయిపోదు. లోపల చిన్న మంట పెట్టి, రోజుకు కొంచెం పెంచుతూ, ఇటుకల్లో తడి మెల్లగా పోగొట్టాలి. తొందరపడితే గుమ్మటం చీలుతుంది. తడి పోయిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద మేస్త్రీకి ఒక పద్ధతుంది. బట్టీ నోటి దగ్గర చేతి అద్దం పట్టి చూస్తాడు. మసకబారితే ఇంకా ఆరనట్టే. ఆ అద్దాన్ని అల్లుడి పెట్టెలో ఆయనే బట్టల మధ్య జాగ్రత్తగా సర్ది పంపాడు.

బట్టీ చక్కగా ఆరింది. అద్దం మీద చెమ్మ అన్నది లేదు. మొదటి వాయి రొట్టెలు చూసి బేకరీ యజమాని అతన్ని గట్టిగా కౌగిలించుకుని, టిక్కెట్టు ఎప్పటికి తీయమంటావని అడిగాడు. సరిగ్గా అప్పుడు పుట్టింది ఆ బుద్ధి. ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆ మనిషి పని లేని రోజంటూ ఎరగడు. పెళ్లినాడు కూడా పొద్దున్నే ఎవరిదో బట్టీ తలుపు బిగించి, గోళ్లలో మసితోనే వచ్చాడు. విమానం ఎక్కాల్సిన నగరంలో ఒక్క వారం ఊరికే ఉంటే ఎవరి సొమ్మేం పోయింది? అడిగితే భార్య కాదనేది కాదు. అడగడానికే సిగ్గేసింది మహానుభావుడికి. ఇంట్లోవాళ్లు తన దారి చూస్తుంటే షికారు చేస్తానని ఏ నోటితో చెప్పాలి?

"బట్టీ ఇంకా ఆరలేదు. ఇంకో వారం పట్టేట్టుంది" అన్నాడు ఫోన్లో.

"అదేంటండీ, ఇన్నాళ్లకా?"

"చలి దేశం కదా" అన్నాడు, చెవులు కాలిపోతుంటే.

హోటల్ గది చిన్నదే గాని కిటికీ పెద్దది. ఎండ ముఖాన పడేదాకా పడుకున్నాడు. గడ్డం వేరేవాడి చేత గీయించుకున్నాడు. ట్రామ్ ఎక్కి చివరిదాకా వెళ్లి, దిగకుండా అదే బండిలో వెనక్కొచ్చాడు. నది పక్కన బెంచీ మీద కూర్చుని పావురాల పోట్లాటలు చూశాడు. హాయిగానే ఉంది. కానీ కాసేపటికల్లా మనసు పీకడం మొదలుపెట్టేది. పక్కన ఎవరో రొట్టె తింటుంటే అడుగు మాడిందని ముందు కంటికి ఆనేది, ఆ వెంటనే మామగారి ముఖం గుర్తొచ్చేది.

మర్నాడు పొద్దున భార్య ఫోను. "అద్దం మసకబారుతోందా అని నాన్న అడుగుతున్నారు."

అప్పుడే వేణ్నీళ్ల స్నానం చేసి తువాలు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా గూట్లో మామగారి అద్దం, ఆవిరికి తెల్లగా అలుముకుపోయి.

"బారుతోంది" అన్నాడు. ఇందులో అబద్ధమేముందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. సిగ్గులేని మనిషి!

ఆ మరుసటి రోజు ఇంకో ప్రశ్న వచ్చింది. "తడి ఎక్కడిదట? గుమ్మటందా, నేలదా? నాన్న ఒకటే గొడవ."

ట్రామ్ మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉన్నాడు. వెనకవాళ్లు తోస్తున్నారు. "నేలదే అనుకుంటా" అనేశాడు.

అటు పక్కన భార్య ఆ మాట తండ్రికి చేరవేసింది. ఏం కూశావయ్యా నాయనా! నేల కింద పోసే ఇసుకా సున్నమూ మట్టీ కలిపే పాళ్లు పెద్ద మేస్త్రీ సొంతం. జీవితమంతా చేసి చూసి ఆయన కుదుర్చుకున్నవి. ఊళ్లో చుట్టుపక్కల బేకరీలన్నిటి కిందా, ఇక్కడ అల్లుడు కట్టినదాని కిందా ఉన్నవి ఆ పాళ్లే.

"నాన్న ఏమన్నారు?" అని అడిగాడు.

"ఏమీ అనలేదు. లేచి పెరట్లోకి వెళ్లారు."

తర్వాత ఫోన్లు తగ్గాయి. మాట్లాడినా భార్యవి రెండు ముక్కలే. "నాన్న పడుకున్నారు" అనేది. పోనీలే, ప్రశ్నలు తప్పాయి అనుకున్నాడు. పడవెక్కి నదంతా తిరిగాడు. మామగారికి ఉన్ని శాలువా, భార్యకు తోలు సంచీ కొన్నాడు. ఎంత మంచివి కొన్నా దొంగసొత్తు మోస్తున్నట్టే అనిపించింది.

ఇంటికొచ్చేసరికి పెరట్లో నడుమెత్తున చిన్న బట్టీ కనబడింది. గుమ్మటం సగంలో ఆగిపోయింది. పక్కనే తాపీ, దాని మీద ఎండిపోయిన మట్టి. గదిలో పెద్ద మేస్త్రీ మంచం మీద ఉన్నాడు. కుడిచేతికి మోచేతిదాకా కట్టు.

"పాళ్లు ఎక్కడ తప్పాయో చూస్తానని మొదలెట్టారు" అంది భార్య. "వద్దంటే వింటారా? తడి మట్టి మీద కాలు జారి చెయ్యి విరిగింది. ఇక తాపీ పట్టలేరన్నాడు డాక్టరు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరక్కడ ఆరని బట్టీతో సతమతమవుతుంటే, ఇది కూడా మీ నెత్తిన పెట్టనా?"

పెద్ద మేస్త్రీ కళ్లు తెరిచాడు.

"వచ్చావా అల్లుడూ. తప్పు నాదేరా. ఇన్నేళ్లూ జనానికి తప్పు నేలలు పోసిచ్చాను. నువ్వు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెప్పు, తవ్వి మళ్లీ పోసిస్తామని. నా చెయ్యి ఎలాగూ పోయింది, నువ్వే చెయ్యాలి."

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చలి దేశం, అక్కడి మట్టి వేరు అనేస్తే ముసలాయన నమ్ముతాడు కూడా. నోటిదాకా వచ్చింది ఆ మాట. ఆ కట్టుకేసి చూశాక మాత్రం రాలేదు. మంచం పక్కన కూలబడి అంతా చెప్పేశాడు: హోటలు, ట్రాము, బెంచీ, స్నానాల గదిలో అద్దం.

ముసలాయన దిండు మీంచి తల ఎత్తాడు.

"అయితే నేల బాగానే ఉందా?"

"రాయిలా ఉంది మామయ్యా. మీ పాళ్లే."

ముసలాయన కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. "బతికించావురా" అన్నాడు. చెంప ఛెళ్లుమనిపించినా అంత నొప్పి ఉండేది కాదు. "ఉంటాను మామయ్యా అని ఒక్క మాటంటే కాదంటానా? సరేలే, ఇంతకీ ఏం చూశావు?"

"నది. పడవెక్కాను."

"ఏ రోజు?" భార్య గొంతు. గుమ్మంలో నిలబడి ఉంది.

"మంగళవారం."

"నాన్న పడింది ఆ రోజే" అని లోపలికి వెళ్లిపోయింది. తోలు సంచీ అతను పెట్టినచోటే ఉండిపోయింది.

మర్నాడు గుమ్మటం అతనే మూశాడు. ముసలాయన కుర్చీలో కూర్చుని ఎక్కడ ఇటుక వంకరైందో గడ్డంతో చూపించాడు. మట్టి గట్టిపడ్డాక లోపల చిన్న మంట పెట్టారు. భార్య టీ తెచ్చింది, ఒక్క గ్లాసే. తండ్రికిచ్చి, ఇతని వైపు చూడకుండా వెళ్లిపోయింది. ఆమె వెనకే వెళ్లి ఏదో ఒకటి చెప్పుకుందామని అతను లేచాడు.

ముసలాయన ఎడమచేత్తో అద్దం బట్టీ నోటికి పట్టాడు. అద్దం తెల్లగా మసకబారింది.

"ఎక్కడికి? కూర్చో" అన్నాడు. "ఇది నిజంగానే ఆరలేదు."