బోర్డుల రాజమల్లయ్య చదువు

సిద్దిపేట బజారులో నిజాం రోజుల్లో తెలుగులో పేరు రాసి ఉన్న దుకాణాలు తక్కువ. ఉన్నవాటిలో చాలామటుకు రాజమల్లయ్య రాసినవే. పైన ఉర్దూ, కింద తెలుగు, చుట్టూ సన్నని గీత. దుకాణదారులు అతన్ని బోర్డుల రాజమల్లయ్య అనేవారు. అతను హైదరాబాదులో బి.ఏ. చదువుతున్నాడని తెలిసినవాళ్లు కూడా అలాగే పిలిచేవారు.

తండ్రి ముత్తయ్య తాళ్లెక్కి కల్లు గీసే గౌడు. కొడుకు హైస్కూల్లో ఉండగానే జ్వరమొచ్చి పోయాడు. తల్లి కొమురవ్వ కల్లు అమ్మి ఇల్లు నడిపింది. కొడుకును పట్నంలో చదివించే స్తోమత ఆమెకు లేదు. రాజమల్లయ్య తన దారి తానే చూసుకున్నాడు. బస్సుల మీద పేర్లు రాసే పెయింటరు పక్కన నిలబడి, చూసి చూసి కుంచె పట్టడం నేర్చుకున్నాడు. 1944లో యూనివర్సిటీలో ఇంటరు చేరడానికి పోయినప్పుడు అతని రేకుపెట్టెలో బట్టల కన్నా కుంచెలే ఎక్కువ.

పొద్దున తరగతులు. పాఠాలన్నీ ఉర్దూలోనే. మధ్యాహ్నం కాగానే కిరాయి సైకిలుకు రంగు డబ్బాలు తగిలించుకుని సుల్తాన్ బజారు వైపు పోయేవాడు. మిఠాయి దుకాణాలు, దర్జీలు, దవాఖానలు. ఒక డాక్టరు తన పేరు మరీ చిన్నగా కనబడుతోందని అదే బోర్డును మళ్లీ మళ్లీ రాయించాడు. వాన పడితే పని ఆగేది. పెళ్లిళ్ల కాలంలో తిండికి తీరిక ఉండేది కాదు. నౌకరీ చేసేవాడికి సెలవు అడగడానికి పైన ఒకడుంటాడు. రాజమల్లయ్యకు ఎవరున్నారు? ఒకసారి వీలు కాదంటే ఆ దుకాణంవాడు ఇంకొకణ్ణి చూసుకునేవాడు. అందుకని అతను ఎవరికీ కాదనలేకపోయేవాడు.

ఆ మొహమాటం ఒక ఏడు పరీక్షల మీదికి వచ్చింది. ఉగాది పండుగకు తెరవబోయే బట్టల దుకాణానికి బోర్డు ఒప్పుకున్నాడు. రంగు ఆరక, గీతలు కుదరక, పని తెల్లవారే దాకా సాగింది. అక్కడి నుంచి నేరుగా పరీక్ష హాలుకు పోయి కూర్చున్నాడు. మొదటి జవాబు సగంలో ఉండగా తల వాలిపోయింది. పర్యవేక్షకుడు భుజం తట్టి లేపేసరికి కాగితం మీద తన వేళ్ల నీలం మరకలు తప్ప పెద్దగా ఏమీ లేదు. ఆ పేపరు పోయింది. మళ్లీ రాసి గట్టెక్కాడు. కానీ అప్పటి నుంచి అతనికి ఒక భయం పట్టుకుంది. పని చేస్తుంటే చదువు పోతోందనిపించేది, చదువుతుంటే పని పోతోందనిపించేది.

ప్రపంచ యుద్ధపు లడాయి రోజుల్లో డబ్బా రంగులు దొరకడం గగనమైంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు రంగు తానే తయారు చేసుకోవడం మొదలుపెట్టాడు. అందులో అతనికి తోడు అక్క యాదలక్ష్మి. భర్త పోయాక పుట్టింటికి వచ్చి తల్లితోనే ఉండేది. నీలిమందు అవిశెనూనెలో వేసి, బండ మీద ఆమె నూరితే వచ్చే నీలం పట్నంలో కూడా దొరికేది కాదు. తమ్ముడి పాత తెలుగు పుస్తకాలు ముందేసుకుని, అడిగి అడిగి చదవడం నేర్చుకుంది. అతను సుద్దతో అక్షరాలు గీసి పెడితే లోపల రంగు నింపేది. కొన్నాళ్లకు సుద్ద గీత లేకుండానే రాయసాగింది.

“గట్ల కాదక్కా, లకారం తోక గంత పైకి గుంజకు,” అని అతను గదిమేవాడు.

“చక్కగ కనవడ్తుందిరా తమ్మీ, ఉండనీ,” అనేది ఆమె.

బోర్డులు ఇంట్లో తయారయ్యేవి, బజారులో తగిలించేది అతను. వాటిలో అక్క చేయి కూడా ఉందని ఊళ్లో ఎవరికీ తెలియదు. చెప్పాలని అతనికీ తోచలేదు.

1947 వచ్చింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నిజాం రాజ్యం అందులో కలవలేదు. విద్యార్థులు చదువులు మానేసి ఉద్యమంలోకి పోతున్నారు. రాజమల్లయ్య గదిలోని ఇద్దరూ పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయారు. అతను పోలేదు. వచ్చే వేసవిలో బి.ఏ. ఆఖరి పరీక్షలు. హాస్టలు దాదాపు ఖాళీ అయ్యాక, ఇంటి దగ్గరే చదువుకుందామని పుస్తకాలు తెచ్చుకున్నాడు.

“అందరు కాలేజీలు ఇడిశిపెట్టి జైళ్లకు పోతున్నరట,” అంది యాదలక్ష్మి ఒకరోజు రంగు నూరుతూ. “నువ్వేమో గీడ బియ్యం దుకాణానికి బోర్డు రాస్తవా?”

“పరీక్ష గాక ముందు నాకేం చెప్పకక్కా. ఇన్నేండ్లు కష్టపడి గిప్పుడు ఇడిశిపెట్టమంటవా?”

“ఇడిశిపెట్టమంటలేను. నీకేం అనిపిస్తలేదా అని అడుగుతున్న.”

అతను పుస్తకం తీసుకుని బయటికి పోయాడు.

వారం కూడా తిరగలేదు. తెల్లారేసరికి సర్కారు కచేరీ గోడ మీద నీలం అక్షరాలున్నాయి. ‘హైదరాబాదు ఇండియాలో కలవాలె.’ జనం దూరంగా నిలబడి చదివి, చప్పుడు చేయకుండా పోతున్నారు. రాజమల్లయ్య కూడా పోయి చూశాడు. అక్షరాలు తనవే, తను నేర్పినవే. లకారాల తోకలు మాత్రం మెలి తిరిగి పైకి లేచి ఉన్నాయి.

ఇంటికి పరుగున వచ్చేసరికి యాదలక్ష్మి వాకిలి ఊడుస్తోంది.

“అక్కా, నువ్వేనా?”

“నేనే,” అంది ఆమె చీపురు ఆపకుండా. “ఎవలు రాస్తరని చూసిన. ఎవలు రాస్తలేరు.”

పోలీసు అమీను ఆ రోజు పొద్దున్నే బజారు వెంట నడిచాడు. కచేరీ గోడ రాత, దుకాణాల బోర్డుల రాత ఒకటే. నీలం కూడా ఒకటే. బియ్యం దుకాణం ముందు ఆగి, దుకాణదారు కాశయ్యను బయటికి పిలిచాడు.

“ఈ బోర్డు ఎవడు రాసిండు?”

కాశయ్య చేతులు జోడించాడు. “మా గౌండ్ల ముత్తయ్య కొడుకు సాబ్. పట్నంల చదువుకుంటడు. మంచి పిలగాడు సాబ్, గసొంటి పని చెయ్యడు.”

మధ్యాహ్నానికి రాజమల్లయ్య ఠాణాలో ఉన్నాడు. రాసింది నువ్వేనా అని అడిగారు. కాదంటే మరెవరని అడుగుతారు. ఆ రంగు ఎక్కడ నూరారో చూడటానికి ఇంటికి వస్తారు. రెండోసారి అడిగినప్పుడు “నేనే” అన్నాడు.

అంతలో బయట గొడవైంది. యాదలక్ష్మి జవాన్లను తోసుకుని లోపలికి వచ్చింది.

“మా తమ్ముడు కాదు సాబ్. గోడ మీద రాసింది నేను.”

అమీను ముందు ఆశ్చర్యపోయి, తర్వాత నవ్వాడు. జవాన్లు కూడా నవ్వారు. “కల్లు అమ్మేటోళ్ల ఆడమనిషి అక్షరాలు రాస్తదా? తమ్ముడి కోసం వచ్చినవు, బాగుంది. ఇంటికి పో.”

“నిజంగ నేనే రాసిన సాబ్.”

“అయితే రాయి.” గోడకు ఉన్న నల్లబోర్డు చూపించి సుద్దముక్క చేతిలో పెట్టాడు. “అదే మాట రాసి చూపించు.”

యాదలక్ష్మి బోర్డు ముందు నిలబడింది.

“అక్కా,” అన్నాడు రాజమల్లయ్య మెల్లగా. “ఇంటికాడ మనల కన్న అవ్వ ఒక్కతే ఉంది.”

ఆమె అతని వైపు చూసింది. తర్వాత బోర్డు వైపు తిరిగింది. సుద్దను పిడికిలితో పట్టుకుని, అప్పుడే అక్షరాలు దిద్దే పిల్లలాగా, వంకర టింకరగా ‘హ’ రాసింది. రెండో అక్షరం సగంలో ఆపేసింది. జవాన్లు పగలబడి నవ్వారు. ఒకడు ఆమె చేతిలోంచి సుద్ద తీసుకుని గుమ్మం దాకా సాగనంపాడు.

రాజమల్లయ్యకు శిక్ష పడింది. పెద్ద జైలుకు పంపే ముందు అమీను అతనితో గోడ మీది రాతకు సున్నం వేయించాడు. ఆ తర్వాత బజారులోని తెలుగు బోర్డులన్నిటి మీదా తారు పూయించాడు. దుకాణదారులు తలుపులు వారగా వేసుకుని లోపల కూర్చున్నారు. కాశయ్య ఒక్కడే చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. “తప్పయింది బిడ్డా, నా నోటి నుంచే నీ పేరొచ్చింది,” అన్నాడు. రాజమల్లయ్య నీళ్లు తాగి తల ఊపాడు.

జైల్లో రాళ్లు కొట్టే పని. వేసవిలో పరీక్షలు జరుగుతున్న రోజుల్లోనే పక్కవాడి సుత్తె జారి అతని కుడిచేతి మీద పడింది. రెండు వేళ్లు నలిగిపోయాయి. గాయం మానినా ఆ వేళ్లు మళ్లీ వంగలేదు.

ఇంటి దగ్గర కొమురవ్వ మంచం పట్టింది. కల్లు అమ్మకం ఆగిపోయింది. యాదలక్ష్మి ఉర్దూ బోర్డులు రాయడానికి తయారైంది. ఆ భాష ఆమెకు రాదు. కాశయ్య ఎవరితోనో కాగితం మీద రాయించి తెస్తే, బొమ్మను చూసి గీసినట్టు గీసేది. కాశయ్య వాటిని తన మనిషి రాశాడని చెప్పి దుకాణాలకు ఇచ్చేవాడు. అలా ఆ ఇల్లు గడిచింది.

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయింది. జైళ్లు తెరిచారు. రాజమల్లయ్య ఇంటికి వచ్చిన రోజు తల్లి అతని చేయి పట్టుకుని వేళ్లు తడిమి చూసి ఏడ్చింది. యాదలక్ష్మి ఏడవలేదు. పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు లేవలేదు.

కొన్నాళ్లకు ఆమే మాట ఎత్తింది. “ఆ దినం సక్కగ రాసుంటే అయిపోతుండె. చేతికొచ్చిన రాత నాది, రానట్టు చేసిన. నీ వేళ్లు పోయినయి, నీ పరీక్ష పోయింది.”

“నువ్వు సక్కగ రాసినా నన్ను ఇడుస్తుండెనా అక్కా? ఇద్దరం పోతుంటిమి. నేను చెప్తేనే గదా నువ్వట్ల రాసినవ్.”

“నువ్వు చెప్పినవ్. చేసింది నేను,” అంది ఆమె. “వాళ్లు నవ్విన్రు చూడు, గా నవ్వు ఇంక చెవులల్ల ఉంది.”

రాజమల్లయ్య మనసులోనూ ఒక ముల్లుంది. అక్క చేసిన పనికి ఊరంతా తనను మెచ్చుకుంటోంది. దేశం కోసం జైలుకు పోయాడని దండలు వేస్తున్నారు. ఒక సభలో మాట్లాడమంటే లేచి నిలబడి, “గోడ మీద రాసింది నేను కాదు, మా అక్క,” అన్నాడు. జనం అది వినయమనుకుని చప్పట్లు కొట్టారు.

1949లో పరీక్షకు మళ్లీ పోయాడు. పాఠాలు ఉర్దూలోంచి ఇంగ్లీషులోకి మారబోతున్నాయని యూనివర్సిటీ అంతా గందరగోళంగా ఉంది. పాతవాళ్లను ఉర్దూలో రాయనిచ్చారు. వంగని వేళ్లతో కలం నిలవలేదు. గంట కొట్టేసరికి తెలిసిన జవాబులే సగం మిగిలిపోయాయి. పరీక్ష తప్పాడు. ఇంటికి వచ్చి ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు థర్డ్ క్లాసులో గట్టెక్కి, దుబ్బాక దారిలో ఒక ఊళ్లో పంతులుగా చేరాడు.

కుంచె మళ్లీ పట్టలేదు. బజారులో తారు పూసిన బోర్డులు ఒక్కొక్కటే దిగాయి. వాటి చోట కొత్తవి యాదలక్ష్మి రాసింది, ఈసారి ఇంట్లో కాదు, నిచ్చెన ఎక్కి, బజారు నడిమధ్యలో. మొదటి రోజు ఆడమనిషి నిచ్చెనెక్కిందని జనం గుమిగూడారు. కింద నిచ్చెన పట్టుకుని రాజమల్లయ్య నిలబడ్డాడు. ఎవరో నవ్వారు. పైనున్న ఆమె చేయి ఒక్క క్షణం ఆగింది.

“రాయక్కా,” అన్నాడు అతను.

ఆమె రాసింది.