వంకర నడుము గిటారు మీద మా కెల్విన్ తీర్పు

మా తమ్ముడు కెల్విన్ వారమంతా ఉల్లిపాయల గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. శనివారం పొద్దున మాత్రం మా బర్నీ ఊళ్ళోని చిన్న రేడియో స్టేషన్‌లో కూర్చుని, ఎవరే గిటారు తెచ్చినా వాయించి చూసి ఉన్నదున్నట్టు చెప్తాడు. పక్కన మీటలు జరిపేది నేను, వాడి అక్క గ్లెనిస్‌ని. వాడి నోటికి భయపడని మనిషి ఈ తీరంలో నేనొక్కదాన్నే. "ఇది పొయ్యిలోకి బాగుంటుంది" అని వాడన్నాడంటే ఆ గిటారు ఇక దుకాణం గోడ దిగదు. మొహమాటపడాల్సొస్తుందని గిటార్లు చేసేవాళ్ళ దగ్గర కాఫీ కూడా తాగడు. అదొక పిచ్చి వాడికి.

కిందటేడాది నుంచి వాడి మాట మారింది. వినేవాళ్ళకి తెలియలేదు, నాకు తెలిసింది. అంతకుముందు వాడికి పొడుగు మెడ, లావు తీగలు ఉండాల్సిందే. "వేళ్ళకి పని చెప్పని గిటారూ ఒక గిటారేనా?" అనేవాడు. అలాంటివాడు పొట్టి మెడ గిటార్లని పొగడటం మొదలెట్టాడు. తర్వాత సన్న తీగల్ని. ఆ తర్వాత, వేలికి గాజు గొట్టం తొడుక్కుని తీగల మీద జార్చడమే అసలైన వాయింపన్నాడు. వరసగా తలుచుకుంటే, వాడు మెచ్చుకున్నవన్నీ చిటికెన వేలితో పని లేనివే. కానీ అడగలేదు. అడిగితే నిజమైపోతుందని భయం.

ఒక గురువారం సాయంత్రం పెంగ్విన్ అనే పక్క ఊరి నుంచి ఇమోజెన్ అనే అమ్మాయి స్టేషన్‌కి వచ్చింది. వాళ్ళ నాన్న పడవలు బాగుచేసే షెడ్డులో ఓ మూల కూర్చుని, రెండేళ్ళు కష్టపడి తన మొదటి గిటారు చేసింది. బ్లాక్‌వుడ్ అనే ఇక్కడి చెట్టు కర్ర. రెండు పక్కలూ సమానంగా ఉండవు, నడుము ఒక పక్కకి జారి, కుర్చీలో ఒరిగి కూర్చున్న మనిషిలా ఉంది. కింద తీగల్ని వణికించే కడ్డీ. మెడ మామూలు కంటే బెత్తెడు పొడుగు. దానికి తోడు తనే కట్టిన యాంప్లిఫయరు, లోపల స్ప్రింగులు బిగించిన ప్రతిధ్వని పెట్టె.

"మొహమాటం లేకుండా చెప్పండి, కెల్విన్ గారూ."

"మొహమాటమా? వీడికా?" అన్నాను నేను.

కెల్విన్ నవ్వలేదు. వైరు తగిలించకముందే కర్రకి చెవి ఆనించి లావు తీగ మీటాడు. తర్వాత వైరు తగిలించి మళ్ళీ మీటి, కడ్డీ నొక్కాడు. ఆ స్వరం కిందికి కిందికి జారి, బావిలో పడ్డ రాయి చప్పుడులా ఆ పెట్టెలోంచి తిరిగొచ్చింది. నాకు చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అంత బాగుంది. అంత భయంగానూ ఉంది.

అప్పుడు వేళ్ళు బాగా చాపి పట్టాల్సిన స్వరాలకి వెళ్ళాడు. ఒక తీగ మూగబోయింది. మళ్ళీ పట్టాడు. మళ్ళీ మూగబోయింది.

"మెడ తేడాగా ఉందమ్మాయ్. మూడో మెట్టు దగ్గర తీగ చచ్చిపోతోంది. శనివారం ఇదే చెప్తాను."

"మా షెడ్డులో బానే పలికిందండీ..."

"మీ షెడ్డులో చెవులు మీవేగా."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. ఆ మాట రేడియోలో పడితే తను మళ్ళీ ఉలి పట్టదు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి ఒళ్ళోంచి గిటారు లాక్కుని, చిన్నప్పుడు వాడితో పాటే నేర్చుకున్న వేళ్ళతో అవే స్వరాలు నేను పట్టాను. అన్ని తీగలూ గంటల్లా పలికాయి.

"మెడ బానే ఉందిరా."

"నీకేం తెలుసక్కా?"

"నాన్న చెయ్యి తెలుసు."

యాంప్లిఫయరు గుర్రుమంటోంది. వాడు దాన్ని ఆపడానికి వంగాడు.

మా నాన్నది చేపల పడవ. యాభై దాటాక ఆయన అరచేతిలో బఠాణీ గింజంత గడ్డ లేచింది. నొప్పి లేదు. దాని వెనకే చర్మం కింద తాడులాంటిదొకటి బిగుసుకుంటూ వచ్చి, చిటికెన వేలినీ ఉంగరం వేలినీ లోపలికి వంచేసింది. డాక్టర్లు కోశారు, మళ్ళీ వంగాయి. ఇది పిల్లలకీ రావచ్చని చెప్పారు. చివరికి ఆ చేతికి తొడుగు కూడా ఎక్కేది కాదు. ఆయనకి డాక్టరు చేసే పరీక్ష ఒకటే, అరచెయ్యి బల్ల మీద ఆనుతుందా లేదా అని.

"చెయ్యి బల్ల మీద పెట్టు," అన్నాను.

"పిచ్చి వేషాలెయ్యకు."

"పెట్టరా!"

ఆ పిల్ల చూస్తోందని పెట్టాడు. మీటే పిక్ ఒకటి తీసి వాడి ఎడమ అరచేతి కిందికి తోశాను. ఎక్కడా తగలకుండా అటుపక్కనుంచి బయటికొచ్చింది. వాడు చెయ్యి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

శనివారం వస్తాడో రాడో, వస్తే ఏమంటాడో తెలియదు. గిటార్ల గురించి నిజం చెప్పడం తేలిక. తప్పు ఆ పిల్ల మీద నెట్టేస్తే వాడి మైకు ఆపేద్దామని మీట మీద వేలు పెట్టుకునే కూర్చున్నాను. వచ్చాడు. తన చేతికి లొంగినంతవరకే వాయించాడు.

"ఈ గిటారులో తప్పులు రెండు," అన్నాడు మైకులో. "కడ్డీ బిగుతుగా ఉంది. యాంప్లిఫయరు గుర్రుమంటోంది. మెడలో మాత్రం తప్పు లేదు, అది నా ఎడం చేతిలో ఉంది. ఈ చెయ్యి మూసుకుపోతోంది. ఏడాదిగా మీకు నేను చెప్పింది గిటార్ల గురించి కాదు, నా చేతి గురించి. ఆ మాటలన్నీ మర్చిపోండి. ఈ గిటారు మాత్రం మంచిది."

నేను వెంటనే పాట పెట్టేశాను. నా ఏడుపు మైకులో పడకూడదు కదా.

బయట ఇమోజెన్ కారు దగ్గర నిలబడి ఉంది. సముద్రం మీదనుంచి గాలి కొడుతోంది.

"అమ్మాయ్, ఇలాంటిదే ఎడంచేతివాళ్ళకి సరిపడేలా చెయ్యగలవా?" అని అడిగాడు కెల్విన్. "ఎడం చెయ్యి పిక్ పట్టుకుంటే చాలు. మెడ పని కుడిచేతికి నేర్పుకుంటా."

"ఈ వయసులో ఓనమాలేంట్రా?" అన్నాను. లోపల మాత్రం సంతోషమే.

"నువ్వాగక్కా."

"ఆర్నెల్లు పడుతుందండీ," అంది ఇమోజెన్.

కెల్విన్ కుడి చెయ్యి చాచాడు. తను పట్టుకుంది. కర్రని తడిమి చూసే అలవాటున్న చెయ్యి ఆ పిల్లది. తన బొటనవేలు వాడి అరచేతిలో ఒకచోట ఆగిపోయింది. నవ్వు చెదిరింది. నా వైపు చూసింది, మళ్ళీ వాడి వైపు.

"కెల్విన్ గారూ, ఇక్కడ గింజలా ఏదో..."

"తెలుసమ్మా," అన్నాడు. "అందుకే కాస్త తొందరగా చెయ్యి."